మంగళవారం నాటకంలో పనిమనిషి

మంగళవారం సాయంత్రం ఆరున్నరకు సోమక్క దవాఖానలో చివరి బకెట్టు కడిగి బోర్లించి, చేతులకు పట్టిన ఫినాయిల్ వాసన పోయేదాకా సబ్బు రుద్దుకుని గిర్మాజీపేట దారి పట్టేది. పొద్దున ఏడింటికి కాన్పుల వార్డులో అడుగుపెట్టిన మనిషి. మధ్యలో కూర్చున్నది అన్నం తిన్న పావుగంట. రబ్బరు షీట్లు కడగాలి, స్ట్రెచర్ తొయ్యాలి, నొప్పులు పడే పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడాలి, బిడ్డ పుట్టిందని బయట వరండాలో ఉన్నవాళ్లకు చెప్పిరావాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. యాభైకి ఇంకా రెండేళ్లు తక్కువే గానీ నడక చూస్తే అరవై దాటినట్టుండేది.

మంగళవారం మాత్రం నేరుగా తన గదికి పోయేది కాదు. పోతే చాప మీద ఒరుగుతుంది, ఒరిగితే ఇక లేవదు. అందుకని దారిలోనే రాజేశ్వర్ రావు సారు ఇంటి ముందు చెప్పులు విడిచేది.

రాజేశ్వర్ రావు సారు రిటైరైన లెక్కల పంతులు. ఎనభై ఆరులో ఆ గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది ఆయన ఇంట్లోనే. చెక్క తలుపులు అటూ ఇటూ జరిపి తెరిచే పెట్టె. దాని ముందు రెండు జంపఖానాలు పరిచి, వచ్చినవాళ్లను రమ్మనేవారు. హైదరాబాదు నుంచి వచ్చే వారపు నాటకానికి ముప్పై మంది దాకా జమయ్యేవాళ్లు. ఎంతమంది ఇరుక్కుని కూర్చున్నా స్తంభం పక్కన ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంచేవాళ్లు. అది సోమక్కది.

ఎందుకంటే, సోమక్క వచ్చి కూర్చుంటే నాటకంలో కెమెరా ఆమె చూసిన చోటికి పోయేది.

మొదటిసారి అయినప్పుడు కూడా ఎవరూ పెద్దగా నోరు తెరవలేదు. నాటకంలో దొరవారు గద్దె మీద కూర్చుని గట్టిగా మాట్లాడుతున్నాడు. సోమక్క చూపు ఆయన మీద నిలవలేదు, వెనక గుమ్మంలో చాయ్ పళ్లెంతో నిలబడ్డ కోడలి మీదికి పోయింది. కెమెరా కూడా దొరను వదిలేసి మెల్లగా ఆ పిల్ల దగ్గరికి జరిగింది. పళ్లెంలో కప్పులు గలగలా వణుకుతున్నాయి. మాట దొరదే వినిపిస్తోంది గానీ, కనిపిస్తున్నది మాత్రం ఆ కప్పులు. "సోమక్క చూత్తాంది," అన్నది పక్కింటి బక్కమ్మ, వాన పడుతోందని చెప్పినట్టు. అంతే. ఆ తరువాత అది అలవాటైపోయింది.

దాని గుట్టు విప్పి చెప్పేవాడు జహీరుద్దీన్. మట్టెవాడలో ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, కళ్లకు పొరలు వచ్చాక కొడుకుకు అప్పగించిన మనిషి. టీవీకి అందరికంటే దగ్గరగా, దాదాపు దానికి మొహం ఆనించి కూర్చునేవాడు.

"సూడుండ్రి," అనేవాడు, "దూరంకెల్లి సూపెడితే అది ఇల్లు. నడుం దాంక సూపెడితే అది మాట. మొఖం ఒక్కటే సూపెడితే, ఇగ అది దిల్. కిందికెల్లి సూత్తే మనిషి పెద్దగైతడు, పైకెల్లి సూత్తే పిట్టంత అయితడు. ఏది ఎప్పుడు సూపెట్టాల్నో, గదే డైరెక్టర్ పని."

"మరి మన ఇంట్లె డైరెక్టర్ ఎవలు భాయ్?" అని బక్కమ్మ అడిగేది.

"ఇంకెవలు? గా స్తంభం కాడ కూసున్నామెనే."

సోమక్క నవ్వేది కూడా కాదు. నవ్వే ఓపిక ఉండేది కాదు. అలసిపోయిన మనిషి చూపు గబగబా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకదు. అందుకే ఆ ఇంట్లో నాటకం కూడా దూకేది కాదు. ఒక ముఖం మీద ఆగితే ఆగినట్టే ఉండేది. ఒక్కోసారి కెమెరా నేల మీదికి దిగి, మనుషుల మోకాళ్ల ఎత్తున కూర్చుని, అక్కడి నుంచే అంతా చూసేది. అట్లా చూస్తే పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్లు కొంచెం తేలికగా కనిపించేవాళ్లు, పని చేసేవాళ్లు బరువుగా కనిపించేవాళ్లు.

మూడో వారం నాటకంలో ముసలి దొరసాని ఇంటికి వచ్చిన చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపేసింది. వెనక గల్లీలో ఇంకో టీవీ ఉంది. అక్కడ చూసినవాళ్లకు దొరసాని నోరు మాత్రమే నిండా కనిపించిందట. సారు ఇంట్లో కెమెరా ఆ నోటిని వదిలి, ఆమె చెయ్యి పట్టుకున్నట్టు వంటింట్లోకి పోయి, అడుగంటిన బియ్యం గంప మీద ఆగింది. ఆ వారమంతా నల్లా దగ్గర రెండు పార్టీలయ్యాయి. వెనక గల్లీవాళ్లు "ఎంత పాపిష్టిది!" అన్నారు. వీళ్లు "పాపం, ముసల్ది!" అన్నారు. చూసింది ఒకటే నాటకం, విన్నది ఒకటే మాట. బిందెలు నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా పోట్లాడుకున్నారు.

ఆరో వారం నాటకంలోకి కొత్త పనిమనిషి వచ్చింది.

ఆమెకు పేరు లేదు, మాట లేదు. దొరసాని వెనక నుంచి బిందె ఎత్తుకుని పోవడం, అంతే. అదీ కెమెరాకు వీపు తిప్పి. సోమక్క చూపు ఆమె మీద పడింది, కెమెరా ఆమె వైపు జరిగింది. నీళ్లకు తడిసిన రైక, మెడ మీద ముడి, చంకన బిందె. ఎడమ చంకన.

సోమక్క స్తంభానికి ఆనించిన వీపు ఎత్తి ముందుకు వంగింది. చిన్నప్పుడు గాబు మీద నుంచి పడి కుడి చెయ్యి విరిగిన పిల్ల ఒకతి ఉండేది. కట్టు కట్టించి మూడు నెలలు అన్నం తినిపించింది తనే. అప్పటి నుంచి ఆ పిల్ల బిందె ఎడమ చంకనే ఎత్తుకునేది.

కెమెరా ఆ వీపు దాకా పోయి అక్కడే నిలబడిపోయింది. ముందుకు తిరగలేదు.

"ఆగిందేంది?" అన్నాడు జహీరుద్దీన్, కళ్లు చికిలించి. "మొఖం దాంక పోకుంట ఎన్నడు ఆగలే గదా. సోమక్కా?"

సోమక్క అప్పటికే లేచి గుమ్మం దాటింది. ఆమె అటు పోగానే తెర మీద దొరవారు మళ్లీ నిండుగా వచ్చి అరవసాగాడు.

ఆ పిల్ల పేరు మొగిలమ్మ. సోమక్క కంటే ఇరవై ఏళ్లు చిన్నదైన చెల్లెలు. పాలకుర్తి పక్క ఊళ్లో తల్లి పోయేనాటికి మొగిలమ్మకు ఆరేళ్లు. పెళ్లయిన రెండేళ్లకే భర్తను పోగొట్టుకున్న సోమక్క, చెల్లెను తీసుకుని వరంగల్ వచ్చి, దవాఖానలో చేరి, పదో తరగతి దాకా చదివించింది. నర్సు ట్రైనింగుకు పంపాలని ఆమె కోరిక. సీటు ఇచ్చినట్టు చీటీ కూడా వచ్చింది. ఆ చీటీ వచ్చిన వారమే మొగిలమ్మ ఊళ్లోకి వచ్చిన నాటకాల కంపెనీ వెంట వెళ్లిపోయింది. డెబ్బై ఐదు సంగతి అది. ఏడాది తరువాత ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పండుకున్న సోమక్క తలుపు సగమే తీసింది. లోపల పన్నెండు నెలల కోపం ఉంది. దాని కింద పన్నెండేళ్ల అలసట ఉంది.

"నీ మొఖం నాకు సూపెట్టకు," అన్నది.

మొగిలమ్మ గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూస్తుందేమోనని సోమక్క తలుపు సందులోంచి చూసింది. చూడలేదు.

ఏడో వారం, ఎనిమిదో వారం సోమక్క నాటకానికి వచ్చింది గానీ చూపు ఎక్కడా నిలవనివ్వలేదు. పనిమనిషి కనిపిస్తుందేమోనన్న భయంతో నాటకంలో దూలాల వైపు చూసేది, గోడ గడియారం వైపు చూసేది. కెమెరా కూడా దూలాలు, గడియారం, కిటికీ పరదా పట్టుకుని తిరిగింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకునే ఘట్టం మొత్తం పరదా మీదే నడిచిపోయింది.

"జర మనుషుల మొఖం సూడు సోమక్కా," బతిమాలింది బక్కమ్మ. "ఎవడు ఎవన్ని కొట్టిండో గూడ సమజ్ గాలే."

రాజేశ్వర్ రావు సారు మాత్రం, "పోనీయుండ్రి, ఒంట్లె బాగలేనట్టున్నది," అని చాయ్ తెప్పించి ఇచ్చారు.

తొమ్మిదో వారం ఆమె రాలేదు. ఆ మరునాడు జహీరుద్దీన్ కర్ర పట్టుకుని దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాడు. పని దిగి వచ్చిన సోమక్క పక్కన నడక కలిపాడు. ఇద్దరివీ మెల్లని నడకలే.

"గా పనిమనిషి నీకేమైతది?" అన్నాడు.

సోమక్క చాలా దూరం నడిచాక చెప్పింది. "చెల్లె."

"నిన్న గూడ వచ్చింది. వీపే. ముందుగాల నేనేమనుకున్ననంటే, డైరెక్టర్ ఆమెను మనిషి కింద జమ కట్టలే, గందుకే మొఖం సూపెడుతలేడు. నిన్న దగ్గరికెల్లి సూసిన. అది గాదు. కెమెరా ఆమె ముందటికి పోవాలనే సూత్తాంది. ఆమెనే తప్పించుకుంట తిరుగుతాంది. గోడ దిక్కు తిరుగుతది, పొయ్యి దిక్కు తిరుగుతది. మొఖం దాసుకుంటాంది."

"ఎందుకట?"

"నన్నడుగుతవేంది? నీకే ఎరుక ఉండాలె."

సోమక్క నిలబడిపోయింది. రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

"నేనే అన్న," అన్నది. "మొఖం సూపెట్టకన్న. పదేండ్లాయె భాయ్. గా మాట ఇంకా పట్టుకుని ఉంటదా?"

"నువ్వు పట్టుకోలేదా?" అన్నాడు జహీరుద్దీన్. కర్ర మీద ఆనుకుని, "ముప్పై ఏండ్లు స్టూడియోల మనుషులను తిప్పిన. 'జర ఇటు సూడుండ్రి' అంటే కెమెరా దిక్కు సూసెటోళ్లు, కాని గా సూపుల ఏం ఉండదు. వాళ్ల మనిషి ఎవలన్నా పక్కపొంటి నిలబడి పేరువెట్టి పిలిస్తె, అప్పుడు తిరిగిన మొఖమే మొఖం. కెమెరాతోని ఏంగాదు సోమక్కా. పిలువాలె," అన్నాడు.

సోమక్క మళ్లీ నడక సాగించి, తన గది మలుపు రాగానే వెళ్లిపోయింది.

పదో వారం మంగళవారం వార్డులో ఐదు కాన్పులు. రెండు కష్టమైనవి. ఒకదాంట్లో బిడ్డ దక్కలేదు. ఆ తల్లి సోమక్క కొంగు పట్టుకుని గంటసేపు వదల్లేదు. సోమక్క గిర్మాజీపేట చేరేసరికి నాటకం సగమైపోయింది. జనం సర్దుకుని దారి ఇచ్చారు. స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. చూపు తిప్పుకునే ఓపిక కూడా ఆ రోజు ఆమెకు లేదు.

నాటకంలో పనిమనిషిని పనిలోంచి తీసేశారు. దొరసాని నగ ఏదో కనబడక ఆమె మీద నింద పడింది. అడ్డం చెప్పడానికి ఆమెకు మాటలు రాసి ఇవ్వలేదు. మూట చంకన పెట్టుకుని, పొడుగాటి నడవలో గోడ పక్కనే వీధి తలుపు వైపు నడుస్తోంది. కెమెరా ఈ చివర కదలకుండా ఉంది. ఆమె అడుగడుక్కీ చిన్నదవుతోంది.

"గిట్ల సూపెడితే ఏందంటే," జహీరుద్దీన్ మెల్లగా అన్నాడు, "ఇగ ఈమె కథ అయిపోయింది, ఈమెను మర్సిపోండ్రి అని."

నడవ చివర ఆమె చిటికెన వేలంత అయింది. తలుపు దగ్గర వెలుగు ఉంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఆ వెలుగులో కలిసిపోతుంది.

సోమక్క స్తంభం పట్టుకుని లేచింది.

కెమెరా కూడా లేచింది. లేచి నడవలో నడవడం మొదలుపెట్టింది. నున్నగా జారినట్టు కాదు. ఒక పక్కకు ఒరుగుతూ, ఒక్కో అడుగు ఈడ్చుకుంటూ, పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషి నడిచినట్టు నడిచింది. రెండు పక్కలా దొరవారి ఇంటి స్తంభాలు ఊగుతూ వెనక్కి పోతున్నాయి. జంపఖానా మీద కూర్చున్నవాళ్లకు తామే నడుస్తున్నట్టు ఆయాసం వచ్చింది. పనిమనిషి వీపు దగ్గరైంది. మెడ ముడి దగ్గరైంది. అక్కడికి వచ్చి కెమెరా మళ్లీ ఆగింది.

"మొగిలీ," అన్నది సోమక్క. గొంతు పెద్దగా రాలేదు. "ఇటు తిరుగు బిడ్డా. సూడనీ."

ఆ వీపు ఒకసారి కదిలింది. తరువాత ఆమె తిరిగింది.

ముఖం తెర నిండా వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల ముఖం. చెంపలు లోపలికి పోయాయి, కళ్ల కింద నల్లగా ఉంది. వేసిన రంగు ఆ నలుపును దాచలేకపోయింది. కళ్లు ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగి, సరిగ్గా స్తంభం వైపు చూసి ఆగిపోయాయి. నాటకంలో పాట ఆగింది. ఎవరి మాటా లేదు. సారు ఇంట్లోనూ ఎవరూ దగ్గలేదు. ఎంతసేపు అట్లా ఉందో చెప్పడం కష్టం. బక్కమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

తరువాత తెర మీద వార్తలు వచ్చాయి.

"ఒంట్లె రకుతం లేదు," అన్నది సోమక్క, వార్డులో డాక్టరుకు చెప్పినట్టు. "రొండు పూటలు తింటలేదు." జనం మధ్యలోంచి చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది.

తెల్లారి మొదటి రైలుకు, ఇరవై రెండేళ్లలో ఆరోసారో ఏడోసారో సెలవు చీటీ పంపించి, హైదరాబాదు పోయింది. అడ్రసు లేదు. టీవీ కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగింది.

"నాటకంల పనిమనిషి ఏషం కట్టే ఆమె. మొగిలమ్మ."

వాచ్‌మన్ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "రాత్రి తిరిగి సూసినామేనా?" అన్నాడు. "పొద్దుటి సంది ఫోన్లే ఫోన్లు. ఎవలామె, ఎవలామె అని." ఈసారి సారు ఇంటి టీవీలోనే గాక అన్ని టీవీల్లోనూ ఆమె తిరిగిందని సోమక్కకు అప్పుడు తెలిసింది. అతను లోపలికి పోయి కనుక్కుని వచ్చి, ముషీరాబాదులో ఒక ఇంటి గుర్తులు చెప్పాడు.

అది మేడ మెట్ల కింద గది. తలుపు తెరిచే ఉంది. మొగిలమ్మ నేల మీద కూర్చుని రేకు పెట్టెలో బట్టలు సర్దుతోంది. గుమ్మంలో నీడ పడగానే తల ఎత్తింది. అలవాటు చొప్పున వెంటనే మొహం పక్కకు తిప్పుకుంది.

"సూసిన," అన్నది సోమక్క. "రాత్రే సూసిన. ఇగ తిప్పుకోకు."

లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మొగిలమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"నేను తిరగలే అక్కా," అన్నది చివరికి. "నెల కింద తీసిన్రు అది. డైరెక్టర్ మూడుసార్లు చెప్పిండు, తలుపు కాడ తిరిగి సూడుమన్నడు. తిరగలే. టీవీ వరంగల్‌కు గూడ వస్తదని తెలిసిన కాన్నుంచి కెమెరాకు మొఖం పెట్టుడే బందు చేసిన. నువ్వు ఏడన్న సూత్తవేమోనని. మొఖం పెట్టనిదానికి ఏషాలెవరిస్తరు? వీపు ఏషాలే ఇచ్చిన్రు. అవి గూడ ఒడిసినయి." ఒక చీర మడత పెట్టి ఒళ్లో ఉంచుకుంది. "రాత్రి పైనోళ్ల ఇంట్ల కూసోని సూసిన. పోతాన పోతాన అనుకుంట సూత్తాన. నడిమిట్ల తిరిగిన. అండ్ల ఉన్నది నేనే, కాని తీసిననాడు నేను తిరగలే. ఎవలు పిలిచిన్రో నాకు ఎరుకైంది."

"గీ పెట్టె ఏంది?"

మొగిలమ్మ పెట్టె మూత దగ్గరికి లాగింది. "కువైట్," అన్నది. "ఒక ఇంట్ల పనికి. శుక్రారం విమానం. ఏజెంటు కాయితాలన్ని చేసిండు. మూడేండ్ల దాంక రానియ్యరు. నాటకంల చేసిన పనే గదా, అక్కడ నిజంగ చేద్దామనుకున్న. అడిగేటోళ్లు ఎవలున్నరని."

సోమక్క ఏదో అందామని నోరు తెరిచింది. పోవద్దని అనవచ్చు. కోపం చెయ్యవచ్చు. పదేళ్ల కిందట చెప్పాల్సిన మాట ఏదో ఉండేది, అది కూడా చెప్పవచ్చు. వాటిలో ఏది ముందో తేల్చుకోకుండానే ఆమె తల గోడ మీద నుంచి భుజం మీదికి వాలింది. రాత్రంతా కన్ను మూయలేదు, రైల్లో నిలబడే వచ్చింది. మొగిలమ్మ ఆమెను మెల్లగా చాప మీదికి జార్చి, మడత పెట్టిన చీర తల కింద పెట్టింది. ఈ మనిషి పగటిపూట నిద్రపోగా చూడటం ఆమెకు ఎప్పుడూ అలవాటే. కానీ నోరు కొద్దిగా తెరుచుకుని, పిడికిళ్లు విప్పుకుని, ఇంత నిశ్చింతగా నిద్రపోవడం ఎన్నడూ చూడలేదు. పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది. బయట ఎండ మెట్ల మీద నుంచి గోడ మీదికి పాకింది.

నాలుగు గంటలకు ఏజెంటు వచ్చాడు. మెట్ల కింద వంగి, చేతిలో కవరు ఊపుతూ, "వీసా కాయితం వచ్చిందమ్మా! శుక్రవారం పొద్దున తయారుగా..." అని గట్టిగా మొదలుపెట్టాడు.

మొగిలమ్మ పెదవి మీద వేలు పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"మెల్లగ మాట్లాడు," అన్నది. "మా అక్క పండుకున్నది."

"సరే సరే. మరి శుక్రవారం..."

"రాను."

ఏజెంటు ఏదేదో చెప్పాడు. కాగితాలన్నాడు, ఆ ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారన్నాడు, ఇట్లాంటి అవకాశం మళ్లీ దొరకదన్నాడు. మొగిలమ్మ అన్నీ విన్నది, నేరుగా అతని కళ్లలోకి చూస్తూ విన్నది. ఆ చూపుకు అతనే రెండుసార్లు తల దించుకున్నాడు. గొంతు పెరిగినప్పుడల్లా ఆమె వేలు మళ్లీ పెదవి మీదికి పోయేది, అతని గొంతు తగ్గేది. చివరికి కవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

లోపల సోమక్క పక్కకు ఒత్తిగిల్లి, నిద్రలోనే ఏదో అడిగింది.

"ఎవలు లేరు, పండుకో," అన్నది మొగిలమ్మ. పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వెయ్యసాగింది.